అల్మరా నిండా బొమ్మలు, లెక్కకు అందని పెద్దలు

పిల్లలు లేని ఇల్లు. గోడ పొడవునా బొమ్మల అరలు. కొన్నింటిలో వేలెడంత కార్లు, అట్ట కూడా విప్పకుండా. మరికొన్నింటిలో ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన కోటలు, సినిమా వీరుల బొమ్మలు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకును చూడబోయిన తల్లికి ఇలాంటి గది ఎదురైతే ముందుగా నోటికొచ్చే మాట ఒకటే: "ఈ వయసులో నీకు బొమ్మలేమిట్రా?" కొడుకు చెప్పే జవాబు కూడా ఇంచుమించు ఒకటే: "నేనొక్కణ్ణే కాదమ్మా, నాలాంటివాళ్లు బోలెడుమంది ఉన్నారు."

బోలెడుమంది అంటే ఎంతమంది? ప్రియ పాఠకులారా, ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే. ఇది ఊసుపోక వేసిన ప్రశ్న కాదు. బొమ్మల కంపెనీలు ఎవరి కోసం బొమ్మలు తయారు చేయాలో, వాటికి ఎంత ధర పెట్టాలో, దుకాణంలో ఏ అరను పిల్లలకిచ్చి ఏ అరను పెద్దలకివ్వాలో ఈ లెక్క మీదనే నిర్ణయిస్తున్నాయి. లెక్క తప్పితే నష్టం కంపెనీతోనే ఆగదు, కుటుంబాల దాకా వస్తుంది.

ఎవరిని లెక్కపెడుతున్నాం?

ఏ జనాభా లెక్కకైనా మొదటి మెట్టు ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోవడం. ఇక్కడ ఆ మెట్టు దగ్గరే తడబాటు మొదలవుతోంది. పాశ్చాత్య వ్యాపార ప్రపంచంలో 'కిడల్ట్' అనే మాట వాడుకలో ఉంది. పిల్లవాడు, పెద్దవాడు అనే రెండు ఇంగ్లీషు మాటలను అతికించి చేసిన మాట అది. ఎన్‌పీడీ అనే మార్కెట్ పరిశోధన సంస్థ (ఇప్పుడు దాని పేరు సర్కానా) 2022లో ఒక లెక్క చెప్పింది. అమెరికాలో బొమ్మల అమ్మకాలలో దాదాపు నాలుగో వంతు, అంటే ఏడాదికి సుమారు 900 కోట్ల డాలర్ల విలువైనవి, కిడల్ట్‌ల కోసమేనని. ఆ మాట ప్రపంచమంతా మార్మోగింది. అయితే ఆ లెక్కలో కిడల్ట్ అంటే 12 ఏళ్లు, ఆ పైబడినవారు. ఏడో తరగతి చదివే పిల్లవాడు కూడా అందులో ఉన్నాడు. ఈ సంగతి చాలామంది గమనించలేదు. ఆ 900 కోట్లను తీసుకొచ్చి "పెద్దల సేకరణ మార్కెట్" అని రాసేస్తే, బడిపిల్లలను కూడా పెద్దల పద్దులో వేసినట్టే.

పెద్దవాడు బొమ్మ కొన్నంత మాత్రాన సేకర్త అయిపోడు. స్నేహితుల కోసం క్యారమ్స్ వంటి ఆట కొన్నవాడున్నాడు. మనసు బాగోలేని రోజున ఒక మెత్తని ఎలుగుబంటిని కొనుక్కున్న అమ్మాయి ఉంది. ఇరవై ఏళ్లుగా ఒకే రకం కార్లను వరుస నంబర్ల ప్రకారం కూర్చుతున్నవాడున్నాడు. వీరు ముగ్గురూ సర్వేలో ఒకే గడిలో పడతారు. నిజానికి మూడోవాడే సేకర్త. అతనిలాంటివారు ఎందరన్నదే మన ప్రశ్న.

పైనుంచి వచ్చే అంకెలు

పెద్ద అంకెలను ముందు చూద్దాం. గత ఏడాదిలో తమ కోసం ఏదో ఒక బొమ్మ కొనుక్కున్నామని అమెరికాలోని పెద్దలలో 43 శాతం మంది చెప్పినట్టు 2024లో సర్కానా ప్రకటించింది. అంతకుముందు 2021లో అక్కడి టాయ్ అసోసియేషన్ సర్వేలో 58 శాతం మంది తమ కోసం బొమ్మలో, ఆటవస్తువులో కొనుక్కున్నామని జవాబిచ్చారు. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో 18 ఏళ్లు నిండినవారు సుమారు 25 కోట్ల 80 లక్షలు. 43 శాతాన్ని వారికి వర్తింపజేస్తే 11 కోట్లు దాటుతారు. 58 శాతమైతే దాదాపు 15 కోట్లు.

అంతమంది ఇళ్లలో బొమ్మల అరలు ఉన్నాయా? లేవు. 2021 అంటే కరోనా కాలం. ఇంట్లో కదలకుండా కూర్చున్న జనం జిగ్సా పజిళ్లు, బల్లమీద ఆడే ఆటలు విరివిగా కొన్నారు. బొమ్మల వ్యాపార లెక్కల్లో అవన్నీ బొమ్మలే. పోకెమాన్ కార్డులు కూడా అందులోకే వస్తాయి. పైగా సర్వే ప్రశ్న "ఏడాదిలో ఒక్కటైనా కొన్నారా" అని అడుగుతుంది. ఒకటి కొన్నవాడూ వంద కొన్నవాడూ దానికి సమానమే. ఏడాదికి ఒకసారి సముద్రం చూసినవాణ్ణి, రోజూ వేటకు పోయే మత్స్యకారుణ్ణి ఒకే పద్దులో రాసినట్టుంటుంది ఈ లెక్క.

ఇంకో వైపు, సర్వేకు నిజం చెప్పనివారూ ఉంటారు. నలభై ఏళ్ల మనిషి బొమ్మలు కొంటానని చెప్పుకోవడానికి సిగ్గుపడవచ్చు. ఇంట్లో తెలియకుండా కొనేవాడు తెలియని మనిషికి ఎందుకు చెబుతాడు? అంటే ఒక చోట లెక్క ఉబ్బుతోంది, ఇంకో చోట చిక్కిపోతోంది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతాయని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

కిందినుంచి వచ్చే అంకెలు

ఇప్పుడు అవతలి చివర నుంచి చూద్దాం. హాస్‌బ్రో కంపెనీకి హాస్‌ల్యాబ్ అనే పద్ధతి ఉంది. ఖరీదైన పెద్ద బొమ్మను ముందు ప్రకటిస్తారు. ఇన్ని ఆర్డర్లు వస్తేనే తయారు చేస్తామని గడువు పెడతారు. ఇది సేకర్తలను లెక్కపెట్టడానికి అనుకోకుండా దొరికిన మంచి కొలబద్ద. ఎందుకంటే ఇక్కడ "మీకు ఇష్టమా" అని అడగరు. వందల డాలర్లు కట్టి, నెలల తరబడి ఎదురుచూసేవారే ముందుకొస్తారు.

2018లో స్టార్ వార్స్ సినిమాలోని జబ్బా తెరచాప ఓడ బొమ్మను దాదాపు 500 డాలర్లకు ప్రకటించారు. కనీసం 5,000 ఆర్డర్లు కావాలన్నారు. 8,810 వచ్చాయి. 2020లో 'మాండలోరియన్' ధారావాహికలోని రేజర్ క్రెస్ట్ నౌకను 350 డాలర్లకు పెడితే 28,000 దాటాయి. 2021లో మార్వెల్ కథలలోని గలాక్టస్ బొమ్మకు 30,000 పైచిలుకు ఆర్డర్లు పడ్డాయి. అదే ఏడాది స్టార్ వార్స్ రాంకర్ బొమ్మకు 9,000 ఆర్డర్లు కావలసి ఉండగా అవి కూడా పూర్తికాలేదు. బొమ్మ తయారీయే ఆగిపోయింది. స్టార్ వార్స్ అంటే ప్రపంచంలోనే అత్యధిక అభిమానులున్న సినిమాలలో ఒకటి. ఆ పేరుతో వచ్చిన బొమ్మకు తొమ్మిది వేల ఆర్డర్లు పోగవకపోవడం ఆలోచించదగ్గ విషయం.

పై నుంచి చూస్తే 11 కోట్లు, కింది నుంచి చూస్తే 30 వేలు. ఒకటి మూడు వేల ఏడు వందల రెట్లు పెద్దది. రెండూ తప్పు అంకెలు కావు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకటి "బొమ్మ ముట్టిన పెద్దలెందరు" అన్నదానికి. రెండోది "ఒకే ఒక బొమ్మ కోసం ఇంత డబ్బు ముందే కట్టేవారెందరు" అన్నదానికి. మన సేకర్త ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉన్నాడు.

మధ్యలో దొరికే ఆనవాళ్లు

ఆ మధ్య భాగంలో రెండు మూడు ఆనవాళ్లు కనిపిస్తాయి. లెగో ఇటుకల పాత సెట్లను, విడి ముక్కలను కొని అమ్ముకునే బ్రిక్‌లింక్ అనే ఆన్‌లైన్ సంతను డెన్మార్క్‌లోని లెగో కంపెనీ 2019లో కొనేసింది. అప్పటికి దానిలో పది లక్షలకు పైగా సభ్యులున్నారని, 70 దేశాల నుంచి 10,000 దుకాణాలు నడుస్తున్నాయని ప్రకటించారు. మరుసటి ఏడాది, 2020లో, లెగో తన పెట్టెల మీద '18 ఏళ్లు పైబడినవారికి' అని అచ్చువేస్తూ పెద్దల కోసం ప్రత్యేక వరుసను తెచ్చింది. సంతలో పోగైన ఆ పది లక్షల మంది కంపెనీ కళ్లకు కనిపించకుండా ఉంటారా?

చైనాకు చెందిన పాప్ మార్ట్ సంగతి ఇంకా పెద్దది. లబూబు అనే పళ్లికిలించిన బొమ్మతో ప్రపంచమంతా పేరుపడ్డ ఈ కంపెనీ 2024లో 1,300 కోట్ల యువాన్ల పైచిలుకు ఆదాయం చూపింది. 2025 మొదటి ఆరు నెలల్లోనే దాన్ని దాటేసింది. 2024 చివరికి చైనాలో తన నమోదిత సభ్యులు 4 కోట్ల 60 లక్షలని చెప్పింది. అయితే అదే నివేదికలో మళ్లీ కొన్నవారి శాతం సుమారు 49 అని కూడా ఉంది. అంటే సగానికి సగం మంది ఒకసారి కొని ఊరుకున్నారు. నాలుగున్నర కోట్లు కాస్తా రెండుంబావు కోట్లకు దిగిపోయాయి. ఆ రెండుంబావు కోట్లలో రెండో బొమ్మతో ఆగిపోయినవారెందరో!

సభ్యత్వం అంటే మనిషి కాదన్న సంగతి కూడా మరచిపోకూడదు. ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలుండవచ్చు. అయిదేళ్ల క్రితం మానేసినవాడి ఖాతా అలాగే ఉండిపోతుంది. ఓటర్ల జాబితాలో చనిపోయినవారి పేర్లు మిగిలిపోవడం మనకు కొత్త కాదు కదా.

చెరువులో చేపల లెక్క

ఇలాంటి చిక్కు లెక్కలకు శాస్త్రజ్ఞులు వాడే ఉపాయం ఒకటుంది. చెరువులో చేపలెన్నో తెలుసుకోవాలంటే చెరువు తోడక్కర్లేదు. ఒకసారి వల వేసి పడిన చేపలకు గుర్తు పెట్టి వదిలేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ వల వేసి, పడినవాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తారు. ఉదాహరణకు, ఒక నగరంలో బొమ్మల సంతకు వచ్చిన సేకర్తలు 500 మంది అనుకుందాం. అదే ఊళ్లో ఒక దుకాణం ఖాతాదారులు 400. రెండు జాబితాల్లోనూ ఉన్నవారు 50. దుకాణానికి వచ్చేవారిలో ఎనిమిదో వంతు మందే సంతలో కనిపించారు గనుక సంతకు వచ్చిన 500 మంది కూడా మొత్తంలో ఎనిమిదో వంతే అయి ఉంటారు. అంటే ఆ ఊళ్లో సేకర్తలు సుమారు 4,000.

ఉపాయం బాగానే ఉంది. కాని చేపకు, సేకర్తకు ఒక తేడా ఉంది. బాగా పిచ్చి ఉన్నవాడు సంతకూ వస్తాడు, దుకాణానికీ వస్తాడు. గదిలో కూర్చుని ఫోన్‌లో కొనుక్కునే మొహమాటస్తుడు రెండు చోట్లా కనిపించడు. అందువల్ల ఈ పద్ధతిలో వచ్చే లెక్క అసలు కంటే తక్కువగానే ఉంటుంది. కనిపించే అభిమానులను చూసి కనిపించనివారిని అంచనా కట్టేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం.

డబ్బు చెప్పే సాక్ష్యం

మరో దారి డబ్బు లెక్క. 900 కోట్ల డాలర్లను 11 కోట్ల మందికి పంచితే మనిషికి ఏడాదికి సుమారు 80 డాలర్లు వస్తుంది. ఒక మోస్తరు లెగో పెట్టె ఖరీదు అది. సగటు కొనుగోలుదారు సేకర్త కాడని ఇది చెప్పకనే చెబుతోంది.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఏడాదికి కనీసం 1,000 డాలర్లు బొమ్మలకు పెట్టేవాడినే గట్టి సేకర్త అనుకుందాం. మొత్తం 900 కోట్లూ అలాంటివారే ఖర్చు పెట్టినా వారు 90 లక్షలకు మించి ఉండటానికి వీల్లేదు. నిజానికి ఆ సొమ్ములో బడిపిల్లల వాటా ఉంది, ఒకటీ అరా కొనేవారి వాటా ఉంది. మూడో వంతే సేకర్తలదనుకుంటే 30 లక్షలు దాటరు. అయితే ఈ లెక్కలోకి పాత బొమ్మల క్రయవిక్రయాలు రావు. చేతులు మారే పాత సరుకు మీదనే బతికే సేకర్తలు చాలామంది. వారిని కలిపితే అంకె కొంత పెరుగుతుంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచేది ఇది: అమెరికాలో బొమ్మ కొనే పెద్దలు కోట్లలో ఉన్నారు. క్రమం తప్పకుండా సేకరించేవారు కొన్ని పదుల లక్షలు ఉండవచ్చు. ఏ ఒక్క వరుసకైనా ప్రాణం పెట్టేవారు మాత్రం వేలల్లోనే ఉంటారు, మహా అయితే కొన్ని లక్షలు. ఇది అంచనాయే. కాని ఎవరైనా ఒకే అంకె చెప్పి ఇదే సేకర్తల సంఖ్య అంటే, ఈ మూడు వలయాలలో ఏది అని అడగటం నేర్చుకోవాలి.

తప్పు లెక్కకు మూల్యం ఎవరు చెల్లిస్తారు?

2024 ఆరంభ నెలల్లో అమెరికా బొమ్మల అమ్మకాలలో 18 ఏళ్లు పైబడినవారు మొదటిసారిగా మూడు నుంచి అయిదేళ్ల పిల్లలను దాటేశారని, ఆ అమ్మకాలు 150 కోట్ల డాలర్లకు పైనేనని సర్కానా చెప్పింది. "బొమ్మలు ఇక పెద్దలవే" అని పత్రికలు శీర్షికలు పెట్టాయి. కాస్త ఆగి చూడండి. ఒక వైపున్నది మూడేళ్ల వయసు గుంపు. సుమారు కోటీ పది లక్షల పిల్లలు. ఇంకో వైపున్నది పద్దెనిమిది నుంచి నిండు నూరేళ్ల వరకు, దాదాపు 26 కోట్ల మంది. తలకు లెక్కిస్తే పెద్దవాడి వాటా ఆరు డాలర్లు కూడా లేదు. పసివాడి వాటా నూరు డాలర్లు దాటుతుంది. బొమ్మ ఇంకా పిల్లవాడిదే. కాని శీర్షిక చూసి దుకాణదారు అర మార్చేస్తే, సామాన్య కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడికి చౌక బొమ్మ దొరకడం కష్టమవుతుంది.

ఎక్కువ అంచనా వేసుకున్న కంపెనీలూ దెబ్బతిన్నాయి. పెద్ద తలకాయ బొమ్మలకు పేరుపొందిన ఫంకో కంపెనీ 2023లో గోదాముల్లో పేరుకుపోయిన మూడు కోట్ల నుంచి మూడు కోట్ల అరవై లక్షల డాలర్ల విలువైన సరుకును పారవేస్తామని ప్రకటించింది. అంతకు ముందు తరంలో బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డబొమ్మల సంగతి ఇంకా విషాదం. 1990లలో వాటి ధరలు ఆకాశానికి ఎగబాకాయి. పిల్లల చదువులకు పనికొస్తాయని కొని దాచుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కరూ పదులు, వందలు కొంటుంటే చూసేవారికి కొనే జనమే అంత ఉన్నట్టు భ్రమ కలిగింది. 1999 తర్వాత ధరలు కుప్పకూలాయి. సరుకు అమ్ముదామంటే కొనే కొత్తవాడు లేడు. ఉన్నవాళ్లందరూ అప్పటికే కొనేసి ఉన్నారు. అమ్మకాలను మనుషులుగా లెక్కవేసినందుకు చెల్లించిన మూల్యమది.

ఇప్పటి మూత పెట్టెల బొమ్మలలోనూ ఆ ప్రమాదమే పొంచి ఉంది. లోపల ఏ బొమ్మ ఉందో తెలియకుండా కొనాలి. అరుదైన 'రహస్య' బొమ్మ కోసం పెట్టె మీద పెట్టె కొంటూ పోతారు. లాటరీ టికెట్టు గీకే చేతికి, ఈ పెట్టె విప్పే చేతికి తేడా తక్కువ. చైనా ప్రభుత్వమే 2023లో ఎనిమిదేళ్లలోపు పిల్లలకు వీటిని అమ్మకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దవారికి అలాంటి అడ్డు లేదు. జీతం రాగానే కొంత సొమ్ము పెట్టెలకు పోయే ఇంట్లో, "నాలాంటివాళ్లు కోట్లమంది" అన్న మాట ఓదార్పుగానూ పనిచేస్తుంది, సాకుగానూ పనిచేస్తుంది. ఆ కోట్లలో చాలామంది ఏడాదికి ఒకటి కొనేవారేనని తెలిస్తే ఆ సాకు నిలబడదు.

మన ఇంటి సంగతి

పెద్దలు బొమ్మలు దాచుకోవడం తెలుగు ఇళ్లకు వింత కాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో అమ్మమ్మల కాలం నాటి బొమ్మలు పెట్టెల్లో భద్రంగా ఉంటాయి. ఆ అమ్మమ్మను ఎవరూ సేకర్త అనలేదు, ఏ సర్వే ఆమెను లెక్కపెట్టలేదు. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రకు లక్క రంగులు అద్దే ఏటికొప్పాక బొమ్మలు, నిర్మల్ బొమ్మలు, ఈ మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని అలంకరణకు కొనుక్కుని అరలో పెట్టుకునేది ఎక్కువగా పెద్దలే. ఆ కొనేవారెవరు, ఎక్కడున్నారు, ఏటా కొంటారా, ఒకసారి కొని ఊరుకుంటారా అన్న లెక్క అందుబాటులో ఉంటే ఆ కుటుంబాలకు అది పెట్టుబడి కంటే ఎక్కువ ఉపయోగం. అమెరికాలో ఉన్న మన పిల్లల అరల్లో ఒకటి రెండు కొండపల్లి బొమ్మలకు చోటుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

మళ్లీ ఆ గదికి వద్దాం. తల్లి అడిగిన ప్రశ్నకు కొడుకు ఇచ్చిన జవాబు అబద్ధం కాదు. అతనిలాంటివారు ఉన్నారు. అతను అనుకున్నంత మంది లేరు, ఆమె అనుకున్నంత తక్కువా లేరు. కాని ఆమె అడిగింది నిజానికి ఎంతమందని కాదు. ఒంటరితనం పోగొట్టుకోవడానికి కొంటున్నాడా, చిన్నప్పుడు కొనిపెట్టలేకపోయిన కారును ఇప్పుడు తనకు తానే కొనిపెట్టుకుంటున్నాడా, అప్పు చేసి కొంటున్నాడా అన్నది ఆమె బెంగ. ఆ జవాబు సర్కానా నివేదికలో దొరకదు. అరలోని ఒక బొమ్మను చేతిలోకి తీసుకుని, "ఇది ఎప్పుడు కొన్నావు నాన్నా?" అని పక్కన కూర్చుని అడిగితే దొరుకుతుంది.